అయిదేండ్ల లోపు బిడ్డల పరుగులాటలు

మా శిశుతరగతిలో బిడ్డను చేర్చిన యొక తండ్రి, మూడు మాసములు గడచిన పిమ్మట మా యొద్దకు వచ్చి, "పంతులమ్మగారూ, మా పిల్లవానికి అక్షరములు నేర్పెదరని పంపితిమి గాని, గంతులు నేర్పెదరని పంపలేదండి. వాడు ఇంటికి వచ్చునప్పటికి మోకాళ్ళనిండ మన్నే గాని, పలకమీద నొక్క యక్షరమైనను గానరాదు" అని మొగమాటము లేక చెప్పెను. ఆయన కోపమునందు న్యాయము లేకపోలేదు. ఫీజు కట్టువారికి అడుగు హక్కు కలదు. ఆనాడు మేము తొందరలో చెప్పిన జవాబు ఆయనకు తృప్తి కలిగింపలేదు; నిజమునకు మాకును కలుగలేదు. ఆ జవాబునే యిప్పుడు నెమ్మదిగాను, కొంత విపులముగాను వ్రాయుచున్నాము. మూడేండ్లు మొదలు ఐదేండ్ల వఱకు గల బిడ్డలు పరుగెత్తి, ఎగిరి, తిరిగి, ప్రాకి యాడవలసిన యాటలెవ్వి, అవి యెట్లు పనిచేయును, అందు మేమెచ్చట పొరపడితిమి యనునదియే యిచ్చటి విషయము. పెద్ద తరగతుల విద్యార్థులు ఇది తమకు గాదని పుట తిప్పవలదు. ఇంట చెల్లెండ్రను దమ్ములను ఆడించువారు సాధారణముగా వారే గదా.

బిడ్డకు తన దేహముపై పట్టు చిక్కుటకు ఒక క్రమము గలదు. ఆ పట్టు తలనుండి క్రిందికిని, నడిమినుండి కొనలకును వ్యాపించును. మొదట మెడ నిలుచును, పిదప నడుము, ఆ పిదప కాళ్ళు. అట్లే భుజము తరువాత మోచేయి, మోచేతి తరువాత మణికట్టు, అన్నిటికంటె కడపట వ్రేళ్ళు. బలపము పట్టుకొను పని యీ కడపటి మెట్టున నున్నది. నడుమును భుజమును నిలుకడకు రాని బిడ్డను పలకముందు కూర్చుండబెట్టినచో, కొంతసేపటికి వాడు బల్లపై వాలిపోవును. లేదా యెడమచేతిపై తల యానించి గీతలు గీయును. దానిని మనము సోమరితన మందుము. చాలసార్లు అది సోమరితనము గాదు, మొండెము అలసిపోవుటయే. ప్రాకుట, కొమ్మ పట్టుకొని వ్రేలాడుట, బంతి విసరుట, తాడు లాగుట మున్నగునవి భుజమునకు బలమిచ్చు పనులు. కావున గంతులకును అక్షరములకును సంబంధమే లేదనుట సరికాదు. అయితే గంతులు వేసినంతమాత్రమున అక్షరములు వచ్చునని చెప్పుటకును మేము సాహసింపము. అక్షరములు వేఱుగ నేర్పవలసినదే.

సామాన్యముగా మూడేండ్ల బిడ్డ పరుగెత్తగలడు. రెండు కాళ్ళతో నొక్కమారుగా ఎగురగలడు. గాని పరుగులో నున్నవాడు పిలువగానే ఆగలేడు, మూల దగ్గఱ చప్పున తిరుగలేడు. నాలుగేండ్ల వాడు ఒంటికాలిమీద కొన్ని గంతులు వేయును. ఐదేండ్లకు ఆ గంతులు నిలుకడకు వచ్చును. బంతి విషయము చూచితిరేని, మూడేండ్ల వాడు చేతులు రెండును కఱ్ఱలవలె చాచి యుంచి, బంతి వచ్చి తగిలిన పిమ్మట దానిని ఱొమ్మున కదుముకొనును. ఐదేండ్ల వాడు అరచేతులతో పట్టుటకు ప్రయత్నించును. ఇవి సగటు లెక్కలు మాత్రమే. ఒక్కొక్క బిడ్డకు కొన్ని మాసములు ముందువెనుక లగుట సహజము. ఈ తేడాలు తెలియక పెద్దపిల్లల యాటను చిన్నవారిచే నాడించుటవలననే చాల యేడ్పులు పుట్టుచున్నవి.

ఆటను విద్యలో భాగముగ నెంచుట క్రొత్త సంగతి కాదు. జర్మనీ దేశమున ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అను నాతడు 1837వ సంవత్సరమున బ్లాంకెన్‌బర్గు అను నూర చిన్నబిడ్డల కొక విద్యాలయమును స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బాలోద్యానము, అను పేరు పెట్టెను. గుండ్రముగ నిలిచి చేయు చలనపుటాటలు ఆతని పద్ధతిలో ముఖ్యభాగములు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరీగారు 1907లో రోము నగరమున తమ మొదటి శిశుగృహమును దెఱచిరి. వారు 1939లో మదరాసునకు వచ్చి అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. అంతకుముందే, 1920లో, గిజుభాయి బధేకాగారు భావనగరమున బాలమందిరమును నెలకొల్పియుండిరి. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నడచుచున్న అంగన్‌వాడీ కేంద్రములలోను మూడు మొదలు ఆఱేండ్ల వఱకు గల బిడ్డలకు ఆటపాటలతో గూడిన పూర్వప్రాథమిక విద్య యొక భాగముగ నున్నది.

ఎంతసేపు ఆడవలెను? ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ఈ విషయమున కొన్ని కొలతలు ప్రకటించిరి. మూడు, నాలుగేండ్ల బిడ్డలు దినమునకు మొత్తముమీద 180 నిమిషములకు తక్కువ గాకుండ ఏదేని కదలికలో నుండవలెననియు, అందు 60 నిమిషములైనను ఊపిరి వేగమగునట్టి చుఱుకైన యాటగా నుండవలెననియు, ఒక్కపట్టున గంటకు మించి వారిని కదలనీయక కూర్చుండబెట్టరాదనియు, తెరముందు కూర్చుండు కాలము గంటకు మించరాదనియు, నిద్ర 10 మొదలు 13 గంటల వఱకు ఉండవలెననియు వారి మాట. మూడు గంటలనగానే తల్లులు బెదరుదురు. నడచుట, మెట్లెక్కుట, తల్లి వెంట నీళ్ళచెంబు మోయుట, ఇవన్నియు ఈ లెక్కలో చేరును. మా కాలపట్టికను మేము తీసి చూచుకొన్నప్పుడు సిగ్గుపడవలసి వచ్చినది. ఉదయమున పావుగంట, మధ్యాహ్నమున పావుగంట, అంతే. తక్కిన కాలమంతయు చాపలమీద కూర్చుండుటయే.

అందుచేత మేము ఆటలకొఱకు వెదకసాగితిమి. మొదట ఆంగ్లగ్రంథములు తిరుగవేసితిమి. పిమ్మట మా తరగతి ఆయామ్మ నవ్వి, "మీకు ఆటలు పుస్తకములలో కావలెనా అమ్మా?" అని, తన చిన్ననాటి యాటలను వరుసగ చెప్పసాగెను. ఆమె చెప్పినవానిలో సగము మాకును తెలిసినవే, తెలిసియు మఱచినవి.

వానిలో ఒప్పులకుప్పను ముందుగ చెప్పవలెను. ఇద్దఱు బాలికలు ఎదురెదురుగ నిలిచి, పాదములు దగ్గఱ చేర్చి, చేతులు అడ్డముగ మార్చి పట్టుకొని, వెనుకకు వాలి గిఱగిఱ తిరుగుదురు. దీనిలో ఎంత శాస్త్రమున్నదో చూడుడు. మన చెవి లోపలి భాగమున మూడు అర్ధవృత్తాకారపు నాళములు గలవు. వానిలోని ద్రవము, తల తిరిగినప్పుడు కదలి, అక్కడి సన్నని రోమములను వంచి, ఎటు తిరుగుచున్నామో మెదడునకు దెలుపును. మనము హఠాత్తుగ ఆగినప్పుడు ఆ ద్రవము వెంటనే యాగదు; అందుచేతనే నేల మన చుట్టును తిరుగుచున్నట్లు తోచును. కన్ను ఒకటి చెప్పును, చెవి మఱియొకటి చెప్పును, పాదము మూడవది చెప్పును. ఈ మూడు సాక్ష్యములను సరిపుచ్చుకొని పడకుండ నిలుచుటయే సమతూకము నేర్చుట. పైగా, ఒకరి బరువు నొకరు మోయుచున్నారు గావున, చెలికత్తె చేయి వదలినచో తానును పడునను సంగతి బిడ్డకు ఎవ్వరును చెప్పనక్కఱలేకయే తెలియును. మూడేండ్ల వారికి ఇది కష్టము. వారు ఎవరికి వారు చేతులు చాచి, మెల్లగ నాలుగు చుట్లు తిరిగి, చతికిలబడి నవ్వుకొన్న చాలును. చుట్టును రాళ్ళుగాని మెట్లుగాని యుండరాదు.

ఈ సందర్భమున నొక హెచ్చరిక. ముద్దుకొఱకు బిడ్డను ఒక చేయి పట్టి పైకెత్తి యూపుట, రోడ్డు దాటునప్పుడు ఒంటిచేయి పట్టి గుంజుట పెద్దలకు అలవాటు. ఒకటి మొదలు నాలుగేండ్ల వయస్సున మోచేతి కీలునందలి ఎముకను పట్టియుంచు కట్టు ఇంకను వదులుగ నుండును. అట్టి లాగుడువలన ఎముక కొంచెము జారును. బిడ్డ చేతిని కదపక, ప్రక్కకు వ్రేలాడవేసి యేడ్చును. అప్పుడు ఇంటనే త్రిప్పి సరిచేయ జూడక, వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఎత్తవలసివచ్చినప్పుడు చంకలక్రింద రెండు చేతులు వేసి యెత్తుడు.

దాగుడుమూతలు అందఱెఱిగిన యాటయే. చిన్నబిడ్డలు దీనిని ఆడు తీరు చూచుట మాత్రమొక వేడుక. మూడేండ్ల వాడు తలమాత్రము తలుపు వెనుక దాచి, తక్కిన దేహమును బయట నుంచి, తాను ఎవ్వరికిని కనబడలేదని నమ్మును. తనకు లోకము కనబడనప్పుడు లోకమునకు తానెట్లు కనబడును అని వాని తర్కము. ఎదుటివారికి ఏది కనబడును, ఏది కనబడదు అనునది వేఱుగ నూహించు శక్తి మెల్లమెల్లగ వచ్చునది. వాడు ఒకే చోట పదిమార్లు దాగినను, వెదకకముందే "ఇక్కడున్నాను" అని కేకవేసినను వానిని ఎగతాళి చేయరాదు. వెదకువారు అటునిటు తిరిగి, ఆశ్చర్యము నటింపవలెను. మేము ఈ వయస్సువారికి ఆటను త్రిప్పి యాడింతుము: ఒక పెద్దవారు దాగుదురు, బిడ్డలందఱును గుంపుగ వెదకుదురు. ఒంటరిగ దాగుటకు వెఱచు బిడ్డకును ఇందు చోటు కలదు. దాగు చోట్లను మాత్రము పెద్దలు ముందుగ చూచి రావలెను. బయటినుండి గడియ పడు పెట్టెలు, బీరువాలు, పాత శీతలయంత్రములు, నిలిపియుంచిన కార్లు ప్రాణాంతకములు. బావిచప్టా, నీళ్ళతొట్టి దరి నీ యాట వలదు.

నేల–బండ యను నాటకు మెట్లున్న అరుగు చాలును. దొంగ నేల కోరినచో తక్కినవారు బండపైన నుందురు. నేలకు దిగినవారిని వాడు ముట్టవచ్చును. ఎక్కుటయు దిగుటయు, దిగుదునా వలదా యని ధైర్యమును కొలుచుకొనుటయు ఇందలి సారము. ఎత్తు బిడ్డ మోకాలికి మించకున్న మేలు. తొక్కుడుబిళ్ళ ఐదేండ్లకు ముందు పూర్తిగ రాదు. గాని గళ్ళు గీచి, బిళ్ళ లేకుండ, రెండు కాళ్ళతో గడినుండి గడికి ఎగురుమన్నచో మూడేండ్ల వారును సంతోషముతో నెగురుదురు. కప్పగంతులు, ఏనుగు నడక, పీత నడక ఇట్టివే. చేతులపై బరువు మోపునవి గనుక భుజములకు మేలు.

మాంటిస్సోరీగారి పద్ధతిలో నేలపై గీచిన గీతమీద అడుగులో నడుగు వేసి నడచుట యొక ముఖ్యాభ్యాసము. మేము దానిని ముగ్గుతో గీచితిమి. గీత మొదట తిన్నగను, పిమ్మట పామువలె వంకరగను. అది బాగుగ వచ్చిన పిదప చేతికి నీళ్ళచెంబు నిచ్చితిమి. మొదటి దినమున గీతకంటె నీళ్ళే యెక్కువ కనబడినవి. నీరు తొణకకుండ నడచు బిడ్డ ముఖమున గల శ్రద్ధను మేము పలకముందు ఎన్నడును చూచియుండలేదు.

ఇక మా పొరపాటు. ప్రతి శుక్రవారమును మేము కుర్చీలాట నాడించుచుంటిమి. బిడ్డలకంటె కుర్చీ యొకటి తక్కువ; తప్పెట ఆగగానే కూర్చుండవలెను; కుర్చీ దొరకనివారు వెలుపలికి పోయి వేపచెట్టుక్రింద కూర్చుండవలెను. నాలుగేండ్ల బాలిక యొకతె, నెమ్మదైనది, ప్రతి వారమును మొదటనే చెట్టుక్రిందికి పోవుచుండెను. మేము దానిని గమనింపలేదు. ఆట సాగుచుండెను గదా. కొన్ని వారములకు ఆమె శుక్రవారములు బడి మానసాగెను. తుదకు నాయనమ్మ వచ్చి, "అమ్మా, మా పిల్లకు వారమంతయు బాగుగనే యుండి, శుక్రవారము తెల్లవాఱగనే కడుపునొప్పి వచ్చుచున్నది. మీ బడిలో శుక్రవారమేమి జరుగును?" అని యడిగెను. ఆమె కోపముతో నడుగలేదు. అందుచేత మాకు మఱింత బాధ కలిగినది.

ఆలోచించి చూడగా ఆట రీతియే తలక్రిందులుగ నుండెను. ఎవరికి పరుగు అలవాటు ఎక్కువగ కావలెనో వారే మొదట కూర్చుండుచుండిరి; ఎవనికి అది యక్కఱలేదో వాడు కడవఱకు పరుగెత్తుచుండెను. అరగంట యాటలో ఆ బాలికకు దక్కిన పరుగు రెండు నిమిషములు. ఓడినవారిని వెలికి పంపు నియమము పెద్దవారికి పోటీగ బాగుండవచ్చును. ఈ వయస్సువారికి అది ఆటయే కాదు, శిక్ష.

మఱుసటి వారమునుండి కుర్చీలు తీసివేసి చాపలు పఱచితిమి. తప్పెట మ్రోగినంతసేపును పరుగు. ఆగగానే యెవరికి దొరకిన చాపపై వారు నిలువవలెను. ప్రతిసారియు ఒక చాపను చుట్టి తీసివేయుదుము గాని, బిడ్డ నెవ్వరిని తీసివేయము. కడకు ఒక్క చాప మిగులును. తరగతియంతయు దానిపై ఒకరి నొకరు పట్టుకొని, ఒంటికాలిమీదనైనను ఇముడవలెను. ఆ ఇఱుకులో నా బాలిక బిగ్గఱగ నవ్వగా మొదటిసారి వింటిమి. ఆమె యిప్పటికిని వేగముగ పరుగెత్తలేదు. శుక్రవారములు మాత్రము మానుటలేదు.

ఆ తప్పెట మాకు మఱియొక పనికిని వచ్చినది. మెల్లగ మ్రోగిన మెల్లని నడక, వేగముగ మ్రోగిన పరుగు, ఆగిన శిలవలె నిలుచుట. పరుగెత్తు కోరికను ఒక్క క్షణము ఆపుకొనుట చిన్నబిడ్డకు పరుగెత్తుటకంటె కష్టము. నియమము కుదిరిన తరువాత దానిని త్రిప్పుదుము: మెల్లని మ్రోతకు పరుగు, వేగపు మ్రోతకు నడక. అలవాటైన దానిని ఆపుకొని, చెప్పినదానిని జ్ఞప్తియందుంచుకొని, వేఱొకటి చేయవలెను. తరగతిలో గురువు మాట ముగియువఱకు వినుటకును, తన వంతు వచ్చువఱకు ఆగుటకును కావలసిన శక్తి యిదియే. ఆ తండ్రిగారి ప్రశ్నకు మా జవాబులో ముఖ్యమైన భాగము ఇచ్చట నున్నది.

ఎండ సంగతి. పెద్దవారి కంటె చిన్నబిడ్డల దేహమునకు బరువునుబట్టి చూడగా చర్మపు వైశాల్యము ఎక్కువ, చెమట తక్కువ. వేడిగాలిలో వారి యొడలు త్వరగ కాగును; ఆటలో మునిగి దాహమును మఱతురు. అందుచేత ఫాల్గుణము మొదలుకొని మేము తొమ్మిది గంటలకు ముందే పరుగులాటలు ముగించి, మధ్యమధ్య అడుగకయే నీరు త్రాగింతుము. ఇసుకనేల శ్రేష్ఠము; వట్టికాళ్ళతో నాడినచో వ్రేళ్ళు నేలను పట్టుట నేర్చును. అయితే ప్రతి యుదయమును పల్లేరుకాయలు, గాజుపెంకులు ఏఱి పాఱవేయవలెను. పండుగబట్టలు, బిగుతు బూట్లు, మెడలో గొలుసులు ఆటకు తగవు. బట్ట మాయునను భయము బిడ్డకు కలిగినచో ఆట చెడిపోవును.

పట్టణములలో రెండు గదుల యిండ్లలో నున్నవారు స్థలమెక్కడిదని యడుగుదురు. మంచము క్రింద ప్రాకి యవతలికి వచ్చుట, దిండ్లు వరుసగ వేసి వానిపై నడచుట, గోడకు చేతులానించి పీతవలె ప్రక్కకు పోవుట, తల్లి యుతికిన బట్టలను బుట్టతో లాగుట, ఇన్ని గలవు. ఇల్లు కొంత చిందరవందర యగును. అన్నము తినుటకు బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి కదలక కూర్చుండబెట్టుట సులభమని మేమును ఎఱుగుదుము. మా యిండ్లలోను బిడ్డలున్నారు.

కొందఱు బిడ్డలకు ఆట చేతగాకపోవుట అలవాటు లేమిచే గాక, దేహమునందలి వేఱు కారణముచేతనైనను కావచ్చును. మూడేండ్లు నిండిన వాడు మాటిమాటికి పడుచున్నను, నాలుగేండ్ల వాడు రెండు కాళ్ళతో ఎగురలేకున్నను, వచ్చిన పని మఱచిపోవుచున్నను తల్లిదండ్రులు దాచక వైద్యునకు చూపవలెను. కాలు సరిగలేని బిడ్డను చప్పట్లు కొట్టుటకు కూర్చుండబెట్టి తృప్తిపడుట మాకు సమ్మతము గాదు. అట్టి బిడ్డ మా తరగతిలో తప్పెట కొట్టును. కొట్టి యాపు నధికారము వానిదే. చాపలాటలో వాని చాపను ఎప్పుడును తీయము. బంతాట నందఱమును కూర్చుండియే యాడుదుము.

మొదట చెప్పిన తండ్రిగారిని ఒక యుదయము వచ్చి చూడుడని పిలిచితిమి. ఆయన దర్జీ, పని వదలుకొని వచ్చి, వేపచెట్టుక్రింద గంటసేపు కూర్చుండెను. ముగ్గుగీతపై నీళ్ళచెంబుతో నడచు తన కుమారుని చూచి ఏమియు ననలేదు. పోవునప్పుడు, "అక్షరముల మాట మాత్రము మఱువకుడు" అనెను. మఱువమని చెప్పితిమి. మఱువలేదు కూడ, ఇప్పుడు ఆటకును పలకకును వేఱువేఱు వేళలున్నవి. మఱుసటి సోమవారము ఆ పిల్లవాడు ఒక పెద్ద మూట మోసికొని వచ్చెను. దానినిండ అంగడిలో మిగిలిన గుడ్డపీలికలు. వానితో మేము బంతులు కుట్టితిమి. బంతి బిడ్డ తలంత యుండిన పట్టుటకు సులువు. నోటబట్టునంత చిన్నది యుండరాదు. లోపల పీలికలను గట్టిగ చుట్టి, పైన మందపుగుడ్డ రెండు వరుసలు వేసి, దారము బయటికి రాకుండ కుట్టవలెను. వారమున కొకసారి యుతికి యెండలో నారవేయవలెను. ప్రస్తుతము మా యొద్ద పదునొకండు బంతులున్నవి, బిడ్డలు ఇరువదినలుగురు. పాత చీరల ముక్కలుగాని, చినిగిన దుప్పట్లుగాని యిండ్లలో నున్నవారు శిశుతరగతికి పంపినచో తక్కినవానిని వేసవి సెలవులలోగా కుట్టుకొందుము.